పిడికెడు బియ్యం

కుక్కర్లో బియ్యం పోసే ముందు ఇప్పటికీ నా చెయ్యి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది అమ్మ అలవాటు. వానల్లేక శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు కూడా అమ్మ రోజూ అలాగే తీసి, ఆదివారం చర్చిలో అందరూ పోసే గంపలో పోసి వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

"మనకే చాలవు గదమ్మా, దేవునికెందుకు?"

"ముందు ఆయనకు తియ్యాల పాపా. మనది ఆమీట."

ఆ ఎండాకాలమే నాయన జబ్బుచేసి పోయాడు. తర్వాతి ఆదివారం పాస్టరమ్మ ఒక సంచి తెచ్చి వాకిట్లో దించింది.

"దేవుడు పంపించినాడక్కా, తీసుకో."

సంచిలో మేం తినే రేషన్ స్టోరు బియ్యం, సన్నబియ్యం, కొర్రలు కలిసిపోయి ఉన్నాయి. స్టోరు బియ్యం మావేననుకున్నాను.

"మనవి నచ్చక తిప్పి పంపించినాడామ్మా?"

నాయన పోయాక అమ్మ మొదటిసారి నవ్వింది. "నచ్చినాయి పాపా. అందుకే అందరివీ కలిపి పంపించినాడు."

ఆ పూట అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా ఉడికింది. కడుపునిండా తిన్నాం. మర్నాడు ఆ సంచిలోంచే అమ్మ మళ్లీ పిడికెడు తీసింది. ఈసారి నాకు కోపం రాలేదు.

ఇప్పుడు నా డబ్బా నిండాక చర్చి గంపలో పోసినప్పుడల్లా, ఇది ఎవరింట్లో సగం మెత్తగా, సగం పలుకుగా ఉడుకుతుందో అనుకుంటాను.