శుక్రవారం గడప దాటని పేడ

భూమి వేడెక్కకుండా మీ ఊరివాళ్లు ఏం చేశారో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మని మీ బడిలో చెప్పారట కదా. మొన్న ఫోన్‌లో పెద్దది అడిగింది. పక్కనుంచి చిన్నవాడు "అవ్వను గట్టిగా మాట్లాడమను" అన్నాడు. నా గొంతు అంతే కన్నా, గట్టిగా రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చేశారు. చాలా చేశారు. బోర్డు కూడా పెట్టారు.

ఆ బోర్డు ఇప్పటికీ ఉంది, ఉద్దనపల్లి రోడ్డు నుంచి మన ఊరికి తిరిగే మలుపులో. మాది మాదిరి గ్రామం అని తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాశారు. ఊళ్లో మేమందరం మాట్లాడేది తెలుగు. తెలుగులో రాస్తే మాకు అర్థమైపోతుందని భయపడి ఉంటారు.

మీ నాన్న పదో తరగతి చదువుతున్న రోజులవి. ఒక సంస్థ తరఫున కృష్ణగిరి నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచివాడే పాపం, తెల్లచొక్కా, చేతిలో ఫైలు. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాడు. అడవి కొట్టకూడదు, కట్టెలు కాల్చకూడదు, మా పొయ్యిల పొగ ఆకాశంలో చేరి భూమిని కాలుస్తోంది. ఆ గంటసేపూ ఆయన జీపు గోడ పక్కన గుర్రుమంటూనే ఉంది. ఇంజను ఆపితే మళ్లీ పదిమంది తోయాలట.

మా అత్త, అంటే మీ తాతవాళ్లమ్మ, నా పక్కనే కూర్చుంది. ఆమెకు మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండేది కాదు.

"మా పొయ్యి పొగ ఆకాశానికి పోతుందంటివే, సరే. నీ బండి పొగ యాడికి పోతుందప్పా, పాతాళానికా?"

అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి ఫైలులో ఏదో రాసుకున్నాడు. ఆయనకు ఇబ్బంది కలిగినప్పుడల్లా ఏదో ఒకటి రాసుకునేవాడు.

ఆయన చెప్పిన పథకం నిజంగా మంచిదే. మా వీధిలో పన్నెండు ఇళ్లు, అన్ని ఇళ్లలోనూ ఆవులు. రోజూ ఇంటికొక గంప పేడ తెచ్చి ఒకే పెద్ద గుంతలో కలిపితే, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ములో గ్యాసు నిండుతుంది. గొట్టంలో పన్నెండు వంటిళ్లకూ వస్తుంది. దాన్ని నడపడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఏడుగురూ మగవాళ్లు, ఏడుగురిలో ఒక్కరూ పేడగంప ఎత్తినవాళ్లు కారు. ఆడవాళ్లకూ చోటుండాలని ఆఫీసరు పట్టుబడితే పంచాయతీ ప్రెసిడెంటు భార్య పేరు ఎనిమిదోదిగా రాశారు. తీర్మానాల పుస్తకం ఆమె ఇంటికే పోయేది, సంతకం పెట్టించుకుని వచ్చేది. వాళ్లింట్లో అప్పటికే హోసూరు నుంచి తెచ్చుకున్న సిలిండరు ఉంది. మీ తాత కమిటీలో నాలుగోవాడు.

నాకు భూమి వేడి సంగతి అంతగా తెలియదు. నాకు కావలసింది ఒక్కటే, మా అత్తకు ఊపిరి ఆడాలి.

మాకు పట్టుపురుగుల పెంపకం ఉండేది. పురుగులు ఆకు తిన్నాక మిగిలిన మల్బరీ కట్టెలే మా పొయ్యిలోకి. ఎండాకాలం బాగానే మండుతాయి. వానాకాలంలో మండవు, ఏడుస్తాయి, మనల్నీ ఏడిపిస్తాయి. యాభై ఏళ్లు ఆ పొయ్యి ముందు కూర్చున్న ఆమెకు దగ్గు మొదలైతే ఆగేది కాదు, గోడ పట్టుకుని నిలబడేది. హోసూరులో డాక్టరుకు చూపించాను. ఇక పొగ దగ్గరికి పోకూడదన్నాడు.

"నేను పోకుంటే సంగటి నువ్వొచ్చి కెలుకుతావా సామీ?" అని అడిగింది ఆమె. ఆయన మందులు రాసిచ్చాడు.

నేను కెలికితే ఉండలు కడుతుందని ఆమె నమ్మకం. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా నా సంగటి మీద ఆమెకు అనుమానమే. కాబట్టి ఆ గొట్టం మా వంటింటికి వచ్చిన రోజు నేను దేవుడికి టెంకాయ కొట్టాను, డ్రమ్ముకు కూడా ఒకటి కొట్టాను.

నీలం మంట వచ్చింది. వారం రోజులు మా వీధి ఆడవాళ్లందరం ఒకరి పొయ్యి ఒకరం చూసి వచ్చాం. ఆ తర్వాత మంగళవారం వచ్చింది.

మంగళవారం, శుక్రవారం మా ఇళ్లలో పేడ గడప దాటించరు. పేడలో లక్ష్మి ఉంటుంది. అడిగినవాళ్లకు అప్పుగా కూడా ఇవ్వరు. ఆరు నెలలు ఊరంతా తిరిగి కొలతలు తీసుకున్న ఆఫీసరుకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. కమిటీవాళ్లకు తెలుసు, కాని ఎప్పుడూ పేడ ఎత్తనివాళ్లకు గుర్తెందుకుంటుంది? మంగళవారం ఒక్క గంప రాలేదు. బుధవారం మంట సన్నబడింది. శుక్రవారం మళ్లీ రాలేదు. శనివారం సంగటి సగంలో ఉండగా మంట ఆరిపోయింది, మా అత్త మల్బరీ కట్టెలు తెమ్మంది.

ఆఫీసరు పరుగున వచ్చాడు. మూఢనమ్మకం మీద ఒక అరగంట చెప్పాడు. తర్వాత మా అత్తనే పట్టుకున్నాడు, వీధిలో పెద్దామె ఆమే కదా.

"శుక్రవారం పాలు సొసైటీకి పోస్తారు కదమ్మా? అది లక్ష్మి కాదా?"

"పాలు పోస్తే దుడ్లొస్తాయప్పా. ఒక లక్ష్మి పోయి ఇంకో లక్ష్మి వస్తుంది. పేడ పోస్తే ఏమొస్తుంది?"

"గ్యాసు వస్తుంది కదా!"

"అది గొట్టంలో వస్తుంది. కంటికి కనపడేదేమి, గడప దాటి లోపలికి వచ్చేదేమి? చెప్పు."

ఆయన మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నిజానికి ఎక్కువ మథనపడింది మా అత్తే. ఊపిరి కావలసింది ఆమెకు, పేడ ఆపేదీ ఆమె. రెండు రోజులు పట్టెమంచం మీద కూర్చుని ఆలోచించింది. మూడో రోజు నన్ను పిలిచి ఆ గుంతకు అవతలి పక్కన ఏముందని అడిగింది. గ్యాసు పోయాక పులిసిన పేడనీళ్లు వచ్చి నిలిచే తొట్టి ఉంది. దాన్ని మేము రొచ్చు అనేవాళ్లం, చేనుకు దాన్ని మించిన ఎరువు లేదు.

"మంగళవారం, శుక్రవారం ముందు ఆడికి పోయి ఒక బకెట్ రొచ్చు తీసుకొని గడప దాటి లోపలికి రా. దానికింత పసుపు వెయ్యి. తర్వాత మన గంప ఎత్తుకొని బయటికి పో. ముందు లక్ష్మి లోపలికి వచ్చింది, తర్వాత పోయింది. ఎవరికీ నష్టం లేదు."

వీధిలో పన్నెండు ఇళ్లూ ఒప్పుకున్నాయి. ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అది సబబుగా ఉంది. ఆ శుక్రవారం పొద్దున పన్నెండుమంది ఆడవాళ్లం బకెట్లతో వరుస కట్టాం. ఆఫీసరు తన ప్రచారం వల్ల ప్రజల్లో చైతన్యం వచ్చిందని రిపోర్టు రాసి పైకి పంపాడు. పంపుకోనీ.

ఆ తర్వాత ఆరు నెలలు, కన్నా, నేను బతుకులో మరిచిపోను. మా అత్త దగ్గు తగ్గింది. ఆమె తిట్లు వీధి చివరిదాకా వినపడేవి. అంతకుముందు సగం తిట్టు దగ్గులోనే పోయేది. నేను చేనుకు పోయి వచ్చేసరికి ఆమె ఒక్కతే సంగటి దించి, ఉలవచారు కాచి, పాట పాడుతూ కూర్చునేది. ఆమె పాడుతుందని నాకు అంతకుముందు తెలియనే తెలియదు.

అప్పుడు కమిటీ కళ్లు రొచ్చు మీద పడ్డాయి.

సూళగిరి దారిలో ఒకాయన ప్లాస్టిక్ గుడారాలు వేసి గులాబీలు పెంచేవాడు. ఆ పూలు విమానాల్లో పోయేవి. ఆయనకు మంచి ఎరువు కావాలి. కమిటీ కూర్చుని రొచ్చు ఆయనకు అమ్మితే ఊరికి ఆదాయమని తీర్మానం చేసింది. ఆడవాళ్లను అడగలేదు. ఎనిమిదో మెంబరు సంతకం ఉంది కదా, అదే ఆడవాళ్ల మాట. ప్రతి గురువారం ట్యాంకరు వచ్చి తొట్టి అడుగుదాకా లాక్కుని పోయేది. శుక్రవారం మేము బకెట్లతో పోతే గీకడానికి కూడా ఏమీ లేదు.

నేను మీ తాతకు మెల్లగా చెప్పాను.

"తొట్టిలో ఇంత మిగల్చమని చెప్పయ్యా. లోపలికి ఏమీ రాకుండా మేము యాడ నుంచి బయటికి ఇచ్చేది?"

"ఊరి ఆదాయం గురించి మాట్లాడుతుంటే నీకు బకెట్ గోల. ఒక్క దినం లక్ష్మిని సర్దుకొమ్మను."

లక్ష్మి సర్దుకోలేదు. వీధి ఆడవాళ్లు కూడా సర్దుకోలేదు. ముందు శుక్రవారం ఆగింది, తర్వాత మంగళవారం. "వాళ్ల గులాబీలకు మేమేల మొయ్యాల?" అని మిగతా రోజులూ ఆగిపోయాయి. నెల తిరిగేసరికి డ్రమ్ము గుంతలో కూలబడింది. మేము మల్బరీ కట్టెలకు వచ్చేశాం. పైన మబ్బులు మొదలయ్యాయి. గులాబీల ఆదాయం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మలుపులో ఉన్న బోర్డు దాంతో చేయించిందే.

నేను ఇంకో మాట కూడా అడిగాను. హోసూరులో పేరు రాయించి మనమూ ఒక సిలిండరు తెచ్చుకుందాం అని.

"కమిటీ మెంబరు ఇంట్లో సిలిండరా? ఊరు నవ్వదా?" అన్నాడు మీ తాత.

"ప్రెసిడెంటు ఇంట్లో ఉంది కదా."

"అది కమిటీకి ముందే వచ్చింది. దాన్ని లెక్కపెట్టకూడదు."

ఇంతలో పెద్దాఫీసరు చూడటానికి వస్తున్నాడని కబురు. ఆయనది ఉత్తరాది, తెలుగూ రాదు, తమిళమూ రాదు. ఎప్పుడు వస్తున్నాడు? శుక్రవారం. పోనీ శనివారం రమ్మన్నా ఒకటే, గుంత ఎండి నెలైంది. కమిటీ ఏడుగురూ మొహాలు వేలాడేశారు. ప్రెసిడెంటే ఉపాయం చెప్పాడు. గుంతకు దగ్గరగా ఉన్నది మా ఇల్లు కాబట్టి మా వంటింట్లోనే మంట చూపించాలి.

పొద్దున్నే ప్రెసిడెంటు ఇంటి సిలిండరు, వాళ్ల పొయ్యి మా ఇంటికి వచ్చాయి. రాగుల గాదె వెనక సిలిండరు దాచి దాని మీద గోనెసంచి కప్పారు. మీ తాతే రబ్బరు గొట్టం బిగించి మర తిప్పాడు. మా అత్తకు కొత్తచీర కట్టించి పొయ్యి ముందు కూర్చోబెట్టారు. పదకొండు గంటలకు పెద్దాఫీసరు వంగి మా వంటింట్లోకి వచ్చి, మంట చూసి, ముక్కు ఎగబీల్చి ఏదో అన్నాడు. మన ఆఫీసరు అది మాకు తెలుగులో చెప్పాడు.

"పేడ వాసనే రావడం లేదే అని సారు ఆశ్చర్యపోతున్నాడు."

మా అత్త సంగటి కెలకడం ఆపకుండా అంది, "పేడ ఉంటే కదా సామీ వాసన వచ్చేది."

మన ఆఫీసరు ఒక్క క్షణం తడబడి పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన సంతోషంగా తలూపి మా అత్తకు దండం పెట్టాడు. తర్వాత, గుమ్మం దగ్గర నిలబడి విన్న మీ నాన్నను అడిగితే తెలిసింది, ఈ పథకం వల్ల తన జీవితమే మారిపోయిందని ఆమె చెబుతోందట. ఫోటో తీశారు. ఆ ఫోటో ఏదో పుస్తకం అట్ట మీద వచ్చిందని విన్నాను, మాకైతే ఇవ్వలేదు.

వాళ్లు పోయారు. బయట వాన పట్టుకుంది. మా అత్త పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. పొద్దుటినుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆమె కూడా అది గమనించినట్టుంది. మీ తాత గాదె వెనక్కి వంగి మర కట్టేస్తుంటే అడిగింది. ఆమె ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

"ఉండనీరా నాలుగు దినాలు. వాన తగ్గినాంక ఇచ్చేద్దువు."

"వాళ్లింట్లో సాయంత్రం కాఫీ పెట్టాలంటమ్మా."

సిలిండరు భుజాన పెట్టుకుని, మీద గోనెసంచి కప్పుకుని ఆయన వానలో పోయాడు. ఆమె నావైపు తిరిగి, "కట్టెలు తీసుకురామ్మా, పిల్లోడికి ఆకలవుతుంది" అంది. పిల్లోడంటే మీ తాతే.

ఆ వానాకాలం ఆమె దాటలేదు. పోయే వయసేలే అన్నారు ఊరివాళ్లు. పొగ వల్ల అని నేను అనలేదు, డాక్టరు అన్నాడు. కమిటీ సంతాప తీర్మానం చేసింది, ఎనిమిదో మెంబరుతో సహా అందరూ సంతకం పెట్టారు. కొన్ని నెలలకు సంస్థ వేరే జిల్లాకు పోయింది, కమిటీ దానంతటదే లేకుండా పోయింది. ఇక నవ్వేవాళ్లెవరూ లేరనుకున్నాడేమో, మీ తాత హోసూరు పోయి మాకూ ఒక సిలిండరు తెచ్చాడు. ఆమె సంవత్సరీకం వంట దాని మీదే చేశాను.

ఆ రోజు వడలు తీస్తూ మీ తాతను ఒక మాట అడిగాను. ఎద్దులకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇంకో మూడు నాలుగుసార్లు అడిగి ఉంటాను, మెల్లగానే. వినపడలేదని మాత్రం అనడానికి లేదు, రెండోసారి నుంచి నేను మొదలుపెట్టగానే నా కంచం పక్కనుంచి లేచిపోయేవాడు. మీ ప్రాజెక్టులో రాసుకోవడానికి పనికొచ్చేది కాదు ఇది, ఊరికే చెబుతున్నాను.

"ఆ దినం వానలో సిలిండరు ఎత్తుకొని పోయినావే అయ్యా, అప్పుడు నువ్వు కమిటీ మెంబరువా, ఆ యమ్మ కొడుకువా?"