చెన్నయ్య కుడికాలు

మా తాత చెన్నయ్యకు రెండు కార్లు నడపడం వచ్చంటే నమ్మకండి. ఒకటిన్నరే వచ్చు. ఆ సగం కోసం ఆయన పడ్డ పాట్లు గద్వాలలో నేతగాళ్ల వీధంతా చూసింది.

1939లో, తాత డ్రైవరుగా పనిచేస్తున్న చీరల సావుకారు బాలకిష్టయ్య కొత్త కారు కొన్నాడు. కొట్టంలో ఇరవై ఏళ్ల నాటి పాతది ఉండనే ఉంది. రెండింటికీ ఇంజను ముందు, బండిని తోసేది వెనక చక్రాలు. పాతదానికి చెమటలు కక్కుతూ హ్యాండిల్ తిప్పాలి. కొత్తదానికి మీట నొక్కితే చాలు. ఇక్కడిదాకా చెన్నయ్యకు నచ్చింది. తిరకాసంతా కాళ్ల దగ్గరే. పాతదానిలో కుడి పెడలు బ్రేకు, నడిమిది వెనక్కి నడిపేది, వేగం చేతి మీటలో ఉండేది. కొత్తదానిలో నడిమిది బ్రేకు, కుడిది వేగం.

మొదటి రోజే వీధిలో నేత కోసం నిలువు పోగులు బారుగా చాపిన పడుగు అడ్డం వచ్చింది. చెన్నయ్య పాత అలవాటున కుడి పెడలు గట్టిగా తొక్కాడు. కారు పట్టుపోగుల్లోకి దూసుకుపోయింది.

"ఆపుదామని తొక్కితే ఉరుకుతదేంది!" అని ఆయన కారునే తిట్టాడు.

తెగిన పోగులు అతకడానికి రెండు రోజులు పట్టింది. సావుకారు పిలిచి, "ఎనిమిది దినాలు చూస్త చెన్నయ్యా. మల్ల గిట్లనే అయితే కర్నూలు డ్రైవర్ని పెట్టుకుంట. నువ్వు పోయి మగ్గం గుంటల దిగు," అన్నాడు.

చెన్నయ్య ఆ సాయంత్రమే దిగాడు. నెయ్యడానికి కాదు. ఇంట్లో ఖాళీగా ఉన్న మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలో మూడు చెక్కలు బిగించి, కొత్త కారు పెడళ్లని పేరు పెట్టుకున్నాడు. పక్కన దారం కండెలు చుడుతూ మా అవ్వ అలివేలమ్మ తోచినప్పుడల్లా "ఆపు!" అని అరిచేది. ఆయన కాలు నడిమి చెక్క మీద పడాలి.

"మల్ల కుడికే పోయింది. కాలా, కట్టెనా అది?"

"నువ్వు అరుస్తనే ఉండు. ఇది వినేదాంక లేవను."

అన్నం తింటున్నప్పుడూ అవ్వ అరిచేది. కాలు విసిరితే కంచం గడప దాటేది.

ఎనిమిదో రోజు సావుకారు వెనక సీట్లో కూర్చున్నాడు. వీధి నడుమ అవ్వ తమ్ముడి పడుగు చాపి ఉంది. దాని పక్కన అవ్వ నిలబడింది.

"మా తమ్ముని పడుగు. తెంపితే ఇంటికి రాకు!" అంది.

కారు దగ్గరికొచ్చింది. అరుస్తుందేమోనని చెన్నయ్య చెవులు రిక్కించాడు. ఆమె నోరు మెదపలేదు. చెన్నయ్య కుడికాలు ఒక్క క్షణం అటూ ఇటూ తడబడి, నడిమి పెడలు మీద పడింది. పడుగుకు జానెడు దూరంలో కారు ఆగింది.

"కర్నూలాయన అక్కర్లేదు," అన్నాడు సావుకారు.

ఆ సంబరంలో చెన్నయ్య పాత కారును కడగాలని కొట్టంలోంచి బయటికి తీశాడు. వాకిట్లో ఆపబోయి నడిమి పెడలు తొక్కాడు. అది బుద్ధిగా వెనక్కి నడిచి కొట్టం గోడను కొట్టింది.

వీధి అవతల మా ఇంటి అరుగు మీంచి అవ్వ కండె పక్కన పెట్టి, "ఇగ దీనికి గూడ నేనే అరవాల్నా?" అంది.