సున్నాకు దిగని అంకె

పుంగనూరు దగ్గర ఒక పాల ఫ్యాక్టరీలో పైపులు కడిగే పని నేను చూసుకుంటాను. మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, గొట్టాల్లోకి నీళ్లు వదలడంతో నా రోజు మొదలవుతుంది. గొట్టానికి బిగించిన ఒక యంత్రం ఆ నీళ్లలో పాలు ఇంకా ఎంత మిగిలాయో చెబుతుంది. ఒక పక్క దీపం, ఎదురుగా ఆ వెలుతురును కొలిచే కన్ను. రెండిటి మధ్యా గాజు అద్దాలు, వాటి నడుమ పారే నీళ్లు. నీళ్లు తేటపడే కొద్దీ తెర మీద అంకె తగ్గుతుంది. సున్నాకు దిగితేనే ట్యాంకర్ పాలు దించుకునే వాల్వు తెరుచుకుంటుంది.

ఆ వేసవి ఉదయం అంకె సగంలో ఆగిపోయింది. మళ్లీ కడిగాను, కదల్లేదు. గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే నీళ్లు తేటగానే ఉన్నాయి. బయట ట్యాంకర్ ఎండలో నిలబడి ఉంది. అందులో మా ఊరి కేంద్రంలో మా అమ్మ పితికి పోసిన పాలు కూడా ఉన్నాయి. నాకు కాలు ఒకచోట నిలవలేదు. యంత్రం దగ్గరికి, గేటు దగ్గరికి, మళ్లీ యంత్రం దగ్గరికి తిరిగాను.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. మంచివాడే. కానీ ట్యాంకర్ ఆగిందంటే ఆయనకు పైనుంచి ఫోన్లు మొదలవుతాయి.

"జీరో నొక్కేయమ్మా. నీళ్లు బాగానే ఉండాయి గదా," అన్నాడు.

ఆ బటన్ నొక్కితే యంత్రం అప్పుడున్న మసకనే తేటనీళ్లుగా లెక్కేసుకుంటుంది. రేపు నిజంగానే పాలు మిగిలిపోయినా సున్నా అనే చూపించవచ్చు. దానికి వేసిన తాళం కోడ్ నాకు తెలుసు. వేలు బటన్ దాకా వెళ్లింది.

"తప్పు యాడుందో సూడకుండా నొక్కలేను సార్," అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. నేను యంత్రం బిగించిన ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఆయన కుప్పంలో ఇంకో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. కనబడే అంకె ఎంతో, నీళ్లు ఎలా ఉన్నాయో అన్నీ అడిగాడు.

"జీరో ముట్టుకోవద్దమ్మా. అద్దాలిప్పి సూడు. పాల పొర పట్టుకోనుంటాది."

నీళ్లు కట్టేసి ఫిట్టరూ నేనూ అద్దాలు విప్పాం. గాజు మీద తెల్లటి పొర గారలా అంటుకుని ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. పలుచని యాసిడ్ నీళ్లతో రుద్దితే మెల్లగా వదిలింది. తిరిగి బిగించి నీళ్లు వదిలాక అంకె దిగడం మొదలైంది. మధ్యలో కాసేపు ఆగి, మళ్లీ కదిలింది. చివరకు సున్నా వచ్చింది. వాల్వు తెరుచుకున్న చప్పుడు వినిపించాక పరీక్ష గదికి పరుగెత్తాను. పాలు చెడలేదన్నారు.

సాయంత్రం సూపర్‌వైజర్ నన్ను పిలిచి, ఇకనుంచి వారానికోసారి అద్దాలు విప్పి తుడవమన్నాడు. పొద్దుటి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు ఆ తెర ముందు నాకొక కుర్చీ వేశారు. అంకె దిగుతున్నంతసేపూ అందులో కూర్చోవడం మాత్రం నాకు చేతకావడం లేదు.