రిక్లైనర్ కింద మా రూతు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు మా ఇంటికి చేసిన మేలును దాచుకోలేక మీ ముందు నిలబడ్డాను. నా చిన్నకూతురు రూతు ఈ రోజు నా చంకలో ఉందంటే అది ఆయన కృపే!

రూతు మొదటి పుట్టినరోజుకు ఇక్కడే ఐర్లండ్‌లో, ములింగార్ ఊళ్లోని మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాము. కొత్తగా కొన్న కరెంటు రిక్లైనర్ కుర్చీ ఉంది, ఒక బటన్ నొక్కితే కాళ్లు పెట్టుకునే పలక పైకి లేస్తుంది, ఇంకోటి నొక్కితే మడుచుకుంటుంది. మన సంఘ పెద్ద పౌలు అంకుల్‌కు మోకాళ్ల నొప్పులు కదా, అందులోనే కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, పెద్దాయనకు మర్యాద చేశామని మురిసిపోయాము. మన అలవాటు మీకు తెలిసిందే, అందరం మోకరించి, కళ్లు మూసుకుని, ఒక్కసారే గొంతెత్తి ప్రార్థిస్తాము, పక్కవాళ్ల మాట కూడా వినపడదు. బిడ్డ ఎవరో ఒకరి ఒడిలో ఉందనుకున్నాము. అది పాకుకుంటూ వెళ్లి ఆ పలక కింద దూరింది! నొప్పి ఉన్నా కూర్చుని ప్రార్థించలేనంటూ అంకుల్ మోకరించడానికి కళ్లు మూసుకునే బటన్ నొక్కారు, పలక మడుచుకోసాగింది. బిడ్డ ఏడ్చింది, సహోదరులారా! కన్నతల్లిని, పక్కనే ఉండి "ప్రభువా, నా బిడ్డలను కాపాడు" అని అరుస్తూ ఆ ఏడుపు వినలేకపోయాను!

చూసింది మా పెద్దమ్మాయి హన్నా. ఆరేళ్ల పిల్ల, ప్రార్థనలో కళ్లు తెరిచి దిక్కులు చూస్తుందని ప్రతి వారం నా చేత చీవాట్లు తినే పిల్ల! "మమ్మీ, స్టాప్! బేబీ ఈజ్ స్టక్!" అని అది పెట్టిన కేకకు అందరి గొంతులూ ఆగిపోయాయి. అంకుల్ బటన్ మీది నుంచి చెయ్యి తీశారు, పలక ఆగింది. మా ఆయన పరుగున వచ్చి తెరిచే బటన్ నొక్కితే, నేను బిడ్డను ఇవతలికి తీసుకున్నాను. భుజం కమిలిపోయి ఉంది, ఇంకాస్త మడుచుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను.

ఆసుపత్రిలో అంకుల్ గోడకు ఆనుకుని, "తండ్రీ, నా చేత్తోనే ఈ పసిదానికి ఇంత పని జరిగిందయ్యా, దాన్ని బాగుచెయ్యి, లేకపోతే ఈ చెయ్యెత్తి నిన్నెట్టా స్తుతించేదయ్యా" అని వెక్కి వెక్కి ఏడ్చారు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "షీ ఈజ్ గ్రాండ్" అంది, పాప బాగానే ఉందని ఇక్కడివాళ్ల మాట. ఎముకకు ఏమీ కాలేదు! దేవునికే మహిమ! అంకుల్ అక్కడికక్కడే రెండు చేతులూ ఎత్తారు.

ఇప్పుడు వాడనప్పుడు ఆ కుర్చీ ప్లగ్ తీసేసి ఉంచుతాము. వాడేటప్పుడు ఎవరైనా సరే ముందు వంగి కింద చూసి, పిల్లలు దూరంగా ఉన్నారని కళ్లారా చూశాకే బటన్ ముట్టుకుంటారు. మన కూడికలో కూడా అంకుల్ కొత్త పద్ధతి పెట్టారు, అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఒకరిద్దరు కళ్లు తెరిచి పిల్లలను కనిపెట్టుకుని ఉండాలి. జాగ్రత్తపడటం విశ్వాసం తక్కువై కాదు, ఆయన ఇచ్చిన బిడ్డలను ఆయన కోసం చూసుకోవడమే.

భయంతో కుమిలిపోతున్న తల్లి గాని, తండ్రి గాని ఇక్కడ ఉంటే, ఆయనను నమ్మండి! మన గొంతుల హోరులో మనకు వినపడని ఏడుపు ఆయనకు వినపడింది. రండి, ప్రార్థన చేద్దాం. మీరంతా నిశ్చింతగా కళ్లు మూసుకోండి. ఈ వారం కళ్లు తెరుచుకుని ఉండే వంతు నాదీ, హన్నాదీ.