మూత మీద రాసిన పేరు

మార్కర్ పెన్ను తెరిచినప్పుడు వచ్చే ఘాటు వాసన నన్ను ఇప్పటికీ పరాయి దేశంలో నేను చదువుకున్న క్లేటన్‌లోని ఆ ల్యాబ్‌కు తీసుకుపోతుంది. ఆ రోజు తప్పు నాది. నింద పడింది సుగుణ ఆంటీ మీద.

ఆమెది నరసాపురం. మా ల్యాబ్‌లో టెక్నీషియన్. చేతిలో పని నడుస్తున్నంతసేపూ పెదవుల మీద ఏదో కీర్తన కదిలేది. మాస్టర్స్ చదువుతూ నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. వైరస్ సోకిన కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏలు ఎంత పెరిగాయో, ఎంత తగ్గాయో కొలిచేవాళ్లం. అవి ఏం చేస్తాయని మొదటి వారమే అడిగాను.

"చిన్న ముక్కలే నాన్నా. జన్యువులు ఎక్కువ మాట్లాడితే నోరు మూయిస్తాయి. కొన్ని వైరస్ నోరు కూడా మూయిస్తాయి. ఇంకొన్నుంటాయి చూడు, ఇంట్లో తిని దొంగకి తలుపు తీస్తాయి!"

ట్యూబుల విషయంలో మాత్రం ఆమెది ఒకటే పట్టు. "మూత మీద కాదు, ఒంటి మీద రాయి. మూతలు మారతాయి."

అంత సన్నటి ట్యూబు ఒంటి మీద రాయడానికి బద్ధకించి ఆ రోజు నేను మూతల మీదే రాశాను. అన్నీ ఒకేసారి విప్పి బల్ల మీద పెట్టాను. తిరిగి బిగించేటప్పుడు వైరస్ సోకిన కణాల వరస మూతలూ, సోకని కణాల వరస మూతలూ తారుమారయ్యాయేమోనని అనుమానం వచ్చింది. ఏం కాదులే అనుకుని ఆమెకు అందించాను.

వైరస్ సోకిన కణాల్లో పెరగవలసిన మైక్రో ఆర్ఎన్ఏ సోకని కణాల్లో పెరిగినట్టు ఫలితం వచ్చింది. ఆంటీ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ప్రొఫెసర్ తేల్చవలసిన వారం అది. కొలిచే యంత్రం నడిపింది ఆమె కాబట్టి ఆయన అందరి ముందూ ఆమెనే అన్నాడు, "వెరీ కేర్‌లెస్, సుగుణా."

బయటికొచ్చాక ఆమె నన్ను అడిగింది. "నువ్వేమన్నా మార్చావా నాన్నా?"

"లేదాంటీ."

ఏ రాతా లేని ట్యూబును ఆమె వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఆ అబద్ధాన్ని ఒక్క రోజుకు మించి మోయలేకపోయాను. మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ గది ముందు నిలబడి, ఆయన రాగానే జరిగింది చెప్పాను. తర్వాత ఆమెకు చెప్పాను.

"మూతలు మారడం పొరపాటు. నా మొహం చూసి లేదన్నావే, అది పొరపాటు కాదు," అంది. గ్లోవ్స్ తొడుక్కుంటూ, "పద, సెల్స్ రెడీ చెయ్యి. మళ్లీ చేద్దాం."

మూడు వారాలు మళ్లీ చేశాం. ఆమె కాంట్రాక్టు నిలిచింది. నోట్‌బుక్‌లో ఆ పాత పేజీ కొట్టివేయకుండా, "మూతలు మార్చింది నేను, దాచిందీ నేను" అని కింద రాసి సంతకం పెట్టాను. ల్యాబ్‌లో ప్రతి పేజీకీ ఇంకొకరి సాక్షి సంతకం ఉండాలి. అది ఆమెనే అడిగాను. ఆమె నిదానంగా చదివి, సంతకం చేసి, తన మార్కర్ నా జేబులో పెట్టింది.