ముళ్లు తక్కువ చేప

ముప్పై ఏళ్లు ఏలూరులో జువాలజీ చెప్పాను. పొలుసులు, మొప్పలు, ముళ్లు చూసి చేపల్ని గ్రూపులు చెయ్యాలని బట్టీ పట్టించాను. ఇవాళ మార్కెట్లో చూశాను కదా, కొల్లేటి చేపలమ్మే సూరమ్మ గ్రూపులు వేరు: బాలింతకి, జ్వరపడి లేచినవాళ్లకి, పళ్లూడినవాళ్లకి.

"ఎవరికండీ, మేష్టారూ?"

"నా ఒక్కడికే సూరమ్మా. ఆ పరిగెలియ్యి."

ఇవ్వలేదు. ముళ్లు తక్కువుండే కొరమేను తీసింది.

"ఒక్కరే తినేటప్పుడు పరిగెల్లాంటి ముళ్ల చేప వద్దండీ. గొంతులో గుచ్చుకుంటే ఎవరు చూస్తారు?"

ఈ గ్రూపు ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడ ముళ్లు తీసి నా కంచంలో వేసినన్నాళ్లూ నాకూ తెలీలేదు.

మీ ఇంట్లో ముళ్లు తీసిపెట్టే మనిషి ఉన్నారాండీ? అయితే రేపు పరిగెలే తెచ్చుకోండి.