లీవ్ అనాలా, డ్రాప్ అనాలా?

ఈ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే, మా కింది వాటాలో కిరాయికుండే మేరీ కనిపించింది. రేపు ఒక దవాఖానలో రిసెప్షనిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందట. పెదవులు కదుపుతూ ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేసుకుంటోంది.

"మై హస్బెండ్ లీవ్స్ మీ ఎట్ ది మెట్రో ఎవ్రీ డే. కరెక్టేనా అంకుల్?"

"లీవ్స్ కాదమ్మా, డ్రాప్స్ అనాలి. లీవ్స్ అంటే నిన్ను వదిలేసి వెళ్ళిపోతున్నాడని వినిపిస్తుంది."

"అమ్మో! రోజూ ఇడిసిపెట్టి పోతుండా? నౌకరీ ఇయ్యరు గానీ, అయ్యో పాపం అంటరు," అని నవ్వింది.

రైలు ఎల్బీనగర్ వైపు మెల్లగా సాగుతోంది. కింద స్కూటర్ల దీపాలు నీళ్ళ మీద తేలుతున్నట్టున్నాయి. వాటిలో ఒకటి మా ఆవిడదే అనిపించింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. రోజూ నన్ను స్టేషన్ దగ్గర దింపి, నేను మెట్లెక్కేదాకా బండి తిప్పేది కాదు.

మేరీకీ అదే గుర్తొచ్చినట్టుంది. "ఆంటీ గూడ మిమ్మల్ని రోజూ దింపుతుండె గద. ఆంటీ లెఫ్ట్ యూ..." అని నాలుక కరుచుకుంది. "కాదు కాదు, డ్రాప్డ్. ఏది కరెక్ట్ అంకుల్?"

"రెండూ కరెక్టేనమ్మా. రేపు మాత్రం డ్రాప్ అనే చెప్పు," అన్నాను.

వ్యాకరణం తెలిసినవాళ్ళు చెప్పండి, నేను తప్పు చెప్పానా?